కాంపౌండర్ యాదయ్య అనుమానాలు

పోయిన వారం నార్సింగి దగ్గర సర్వీసు రోడ్డులో నేనెక్కిన క్యాబ్ టైరు పంక్చరయింది. డ్రైవరు దిగి, డిక్కీలోంచి జాక్ తీసి కారు కింద పెట్టి, పిడి పట్టుకుని ఆడించడం మొదలుపెట్టాడు. కటక్, కటక్, కటక్. చప్పుడు చప్పుడుకీ కారు కొంచెం కొంచెం లేస్తోంది. ఫుట్‌పాత్ మీద నిలబడ్డ నేను నాకు తెలియకుండానే "జర ఆగు" అన్నాను. అతను తల తిప్పి నన్ను అనుమానంగా చూశాడు. ఎండలో నిలబడి కళ్ళు తిరిగాయేమో అనుకుని నీళ్ళ సీసా ఇచ్చాడు. నేను సీసా తీసుకున్నాను గానీ ఆ జాక్ పిడి మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. "జర" అనేది మా కడప జిల్లా మాట కాదు. ఆ మాటా, ఆ చప్పుడంటే భయమూ నాకు కాంపౌండర్ యాదయ్య కాలంలో అంటుకున్నాయి.

నేను పశువుల డాక్టర్ని. చదువు ముగిసి ఏడాది కూడా నిండకముందే, ఔటర్ రింగు రోడ్డు అవతల ఉన్న ఒక డెయిరీలో ఉద్యోగానికి కుదిరాను. దాని యజమాని శ్రీకాంత్ గారిది గుంటూరు వైపు. పగలంతా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో మేనేజరు ఉద్యోగం, మిగిలిన సమయమంతా ఆవుల మీద ధ్యాస. పుప్పాలగూడ అపార్టుమెంట్లకు గాజు సీసాల్లో పాలు పంపేవాళ్ళం. ప్రతి ఆవు చెవికీ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఫోనులో ఒక పేజీ ఉండేది. నేను చేరిన మూడో రోజున షెడ్డులోకి వెళ్ళేసరికి, తెల్లచొక్కా వేసుకున్న ఒక ముసలాయన నా సంచీ విప్పి, అందులోని సామానంతా గోనె మీద పరిచి కూర్చుని ఉన్నాడు. ఎవరని అడిగినా లేచి నిలబడలేదు. "యాదయ్య. పశువుల దవాఖానల కాంపౌండరుగ చేసి రిటైరయిన. సారు రమ్మన్నడు" అని చెప్పి మళ్ళీ నా సామాను వైపు తిరిగాడు.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. కూరగాయలు తూచేటప్పుడు కాటా ముల్లు కంటే తూచేవాడి వేలును ఎక్కువగా చూసే రకాన్ని. కొత్త డాక్టరు మీద నిఘాకు యజమాని ఈ ముసలాయన్ని పెట్టాడని ఆ క్షణంలోనే తేల్చేసుకున్నాను. ఆయన మాత్రం నా గొలుసుల్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆవు ఈనలేక అవస్థ పడుతున్నప్పుడు లోపలున్న దూడ కాళ్ళకు తగిలించి లాగే సన్నటి ఉక్కు గొలుసులవి. కాలేజీ నుంచి బయటికొచ్చాక నా సొంత డబ్బుతో కొనుక్కున్న మొదటి వస్తువులు. యాదయ్య జేబులోంచి దూది తీసి, ఉండగా చుట్టి, గొలుసును ఒక కొన నుంచి ఇంకో కొన దాకా దాని మీదుగా మెల్లగా లాగాడు. రెండో గొలుసు సగానికి వచ్చేసరికి దూది పీచు ఒక కడియానికి చిక్కుకుంది. "చూసినవా డాక్టరమ్మా? గీడ మొన ఉన్నది. మన కంటికి కానరాదు. లోపలికి పోయినంక ఆవుకు కానొస్తది" అని ఆ గొలుసును పక్కన పడేశాడు.

కంపెనీ సరుకు అది, కొత్తది, తుప్పు పట్టనిది అని నేను వాదించాను. ఆయన వాదించలేదు. పారేసిన గొలుసును మళ్ళీ తీసి, నా అరచేతి వెనకభాగం మీద పెట్టి సర్రున లాగాడు. ఎర్రగా గీత పడింది. ఇంత తెలిసినవాడు వేరే దుకాణంవాడితో కుమ్మక్కయి ఉంటాడనీ, రేపో మాపో తనకు కమిషన్ ఇచ్చే చోట కొనమంటాడనీ వారం రోజులు ఎదురుచూశాను. అడగలేదు. పైగా నేను తెచ్చిన కొత్త గొలుసునూ దూది మీద లాగి, తాడునూ వేళ్ళతో పురి విప్పి వాసన చూసి, భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ గ్లౌజులో నీళ్ళు పోసి ఎక్కడైనా కారుతుందా అని పైకెత్తి చూశాడు. సన్నటి నైలాను తాళ్ళను షెడ్డులోకే రానిచ్చేవాడు కాదు. కాలును కోస్తాయి, కడిగినా మురికి వదలవు అనేవాడు. నాకు మనుషుల మీద ఉన్న అనుమానం ఆయనకు వస్తువుల మీద ఉండేది. కాకపోతే ఆయన దాన్ని అక్కడికక్కడే పరీక్ష పెట్టి తేల్చుకునేవాడు. నేను లోపల దాచుకుని పులియబెట్టేదాన్ని.

కొన్ని నెలలకు శ్రీకాంత్ గారు దూడల్ని లాగే జాక్ ఒకటి తెప్పించారు. పొడవాటి ఉక్కు కడ్డీ, దాని చివర ఆవు వెనకభాగానికి ఆనించే వంపు ఫ్రేము. దూడ కాళ్ళకు కట్టిన గొలుసుల్ని కడ్డీ మీద కొక్కేనికి తగిలించి పిడి ఆడిస్తే, అది కడ్డీకున్న పళ్ళ మీద ఒక్కో పన్నూ జరుగుతూ దూడను బయటికి లాగుతుంది. ఆయన ఫోనులో వీడియో చూపించారు. మంచులాంటి తెల్లటి చొక్కా వేసుకున్న ఒక విదేశీ రైతు ఒంటిచేత్తో దూడను లాగేస్తున్నాడు. "అందరూ అయిదు నక్షత్రాలు ఇచ్చారండి" అన్నారు శ్రీకాంత్ గారు. యాదయ్య వీడియో చూడలేదు. మొలతాడు లాంటి దారం ఒకటి తీసుకుని మా ఆవుల వెనకభాగాల వెడల్పు కొలిచి, దాన్ని ఫ్రేము మీద పెట్టి చూశాడు. ప్రతిసారీ రెండు పక్కలా నాలుగేసి వేళ్ళ సందు మిగిలింది.

"గీ ఫ్రేము ఏ ఆవును చూసి చేసిండ్రు సారూ? మనయి గంత పెద్దగ లేవు. ఇది జారి కిందికొస్తది" అన్నాడు యాదయ్య.

"జాగ్రత్తగా వాడితే సరిపోతుందండి. మనుషులు తక్కువ కదా మనకి" అన్నారు శ్రీకాంత్ గారు.

తిరిగి పంపేది లేదని అర్థమయ్యాక యాదయ్య గోనెపట్టాను మడతలు వేసి ఫ్రేము లోపలి వైపు బిగించి కట్టాడు. సందు పూడింది. అయినా దాన్ని గోడకు తగిలించి దూరంగా నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఇంకా ఏమిటి బాధ అని అడిగాను. "ఇద్దరం కలిసి చేత్తో లాగుతమనుకో. రానప్పుడు చేతులు గుంజుతయి, అలసిపోతం, ఆగుతం. ఆగినప్పుడు ఎందుకు రాలేదా అని ఆలోచన వస్తది. దీనికి అలుపు లేదు. పిడి ఆడిస్తనే ఉంటది, లోపల ఏమైతున్నదో దానికి తెల్వదు. గందుకే నాకు దీని మీద నమ్మకం లేదు" అన్నాడు.

శ్రీకాంత్ గారు ఊరుకునే మనిషి కాదు. యాదయ్య నోటితో చెప్పే జాగ్రత్తలన్నిటినీ ఫోనులో ఒక జాబితాగా చేశారు. ముందుకాళ్ళా వెనకకాళ్ళా? తల ఎటుంది? గొలుసు కీలుకు పైన ఒక చుట్టూ కింద ఒక చుట్టూ వేశారా? ఒక్కో ప్రశ్న పక్కన ఒక్కో గడి ఉంటుంది. అన్నీ టిక్కు పెడితేనే జాక్ వాడాలి. టిక్కు పెట్టిన సమయం కూడా అందులో నమోదవుతుంది. యాదయ్య పద్ధతి వేరు. చెయ్యి లోపల పెట్టించి, నన్ను కళ్ళు మూసుకోమనేవాడు. తగిలినదాన్ని పైకి చెప్పాలి. "రెండు కీళ్ళూ ఒక్క దిక్కే మడుసుకుంటున్నయా? గట్లయితే ముందుకాలు. ఒకటి గిటు, ఒకటి గటు అయితే వెనకది. ఇప్పుడు గా కాలు పట్టుకునే పైకి పో, రొమ్ము దాక. గక్కడికెళ్ళి దిగి రెండో కాలు చూడు. రెండూ ఒక్క దూడవేనా?" అని అడుగుతూ పోయేవాడు. తప్పు చెబితే సరిదిద్దేవాడు కాదు. "మల్ల చూడు" అనేవాడు, అంతే. డాక్టర్ని నేనా ఆయనా అని నాకు ఒళ్ళు మండేది. ఇలా చేసి నన్ను తన చేతికింద మనిషిని చేసుకుంటున్నాడనీ, తను లేకపోతే ఇక్కడ ఏ దూడా పుట్టదని యజమాని అనుకునేలా చూసుకుంటున్నాడనీ నా గట్టి నమ్మకం.

గౌరి ఈనిన రోజు నాకు గడియ గడియా గుర్తుంది. తొలిచూలు ఆవు, ఎర్రటిది, మెత్తటి స్వభావం. ఆ రోజు యాదయ్యకు కంటి ఆపరేషన్ తరవాత కట్టు మార్పించుకునే పని ఉంది. పొద్దున గౌరి పొదుగు చూసి, తోక దగ్గర చెయ్యి పెట్టి చూసి, వెళ్ళబోతూ ఆగాడు. "ఇయ్యాల్నే ఈనొచ్చు. ఏమన్న తేడా ఉంటే ఫోన్ చెయ్యి. నేనొచ్చేదాంక జాక్ ముట్టకు డాక్టరమ్మా" అన్నాడు. ఆ చివరి మాట నాకు ముల్లులా దిగింది. నా చేతికి ఒక్క విజయమైనా రానివ్వడా ఈయన అనుకున్నాను.

మధ్యాహ్నం గౌరికి ఉమ్మనీరు పోయింది. రెండు గిట్టలు కనిపించాయి. గంట దాటినా అంతకుమించి రాలేదు. ఫోను చేతిలోకి తీసుకున్నాను, యాదయ్యకు చేయడానికి కాదు, జాబితా తెరవడానికి. గ్లౌజు తొడిగి, జెల్ పూసుకున్నాక ఆ చేత్తో ఫోను ముట్టుకోలేం, ముట్టుకున్నా పని చేయదు. అందుకని ముందే అన్ని గడులూ టిక్కు పెట్టేశాను. అప్పటికి పది పన్నెండు ఈతల్లో నేను చేస్తున్న పని అదే. ఎవరూ గమనించలేదు, నేను కూడా దాన్ని తప్పనుకోలేదు. తరవాత చెయ్యి పెట్టి చూశాను. రెండూ ముందుకాళ్ళే. ఇంకా లోపల, వేళ్ళకు గట్టిగా గుండ్రంగా ఏదో తగిలింది. నుదురు అనుకున్నాను. జాబితాలో తల సరిగా ఉందని అప్పటికే రాసి ఉంది కదా, చెయ్యి కూడా దాన్నే ఒప్పుకుంది. కళ్ళు మూసుకోలేదు, పైకి చెప్పలేదు. షెడ్డులో పనిచేసే సాయిలును పిలిచి జాక్ బిగించమన్నాను.

కటక్, కటక్ అని పిడి ఆడింది. మొదట కొంచెం వచ్చింది. తరవాత ఆగింది. "ఇంకొంచెం" అన్నాను. సాయిలు నా మొహం చూసి ఆడించాడు. గౌరి అరుపు మారింది. ఫ్రేము ఒక పక్కకు జారింది, ఆవు వెనక కాళ్ళు విడిపోయి కింద కూలబడింది. అయినా నేను "ఇంకొక్కసారి" అన్నాను. ఆ మాట అన్నది నేనే. అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. ఒక కంటికి కట్టుతో యాదయ్య పరుగులాంటి నడకతో వచ్చి, ఏమీ అడగకుండా జాక్ కొక్కెం విప్పేశాడు. చొక్కా తీసి, చెయ్యి కడుక్కుని, ఆవు వెనక బోర్లా పడుకుని లోపల చూశాడు. కట్టు లేని కన్ను కూడా మూసుకున్నాడు. "తల పక్కకు మడుసుకున్నది. నువ్వు పట్టింది మెడ వంపు" అన్నాడు మెల్లగా. దూడను నొప్పికీ నొప్పికీ మధ్య వెనక్కి నెట్టి, చెవుల వెనకనుంచి నోట్లోకి మెత్తటి తాడు వేసి తలను తిప్పి తెచ్చాడు. తరవాత ఇద్దరం చేతులతోనే లాగాం, సులువుగా వచ్చేసింది. కోడెదూడ. ఊపిరి లేదు. గౌరి లేవలేకపోయింది. నడుం ఎముకల లోపల నరం నలిగిపోయింది.

మర్నాడు పొద్దున శ్రీకాంత్ గారు ఫోను చేత్తో పట్టుకుని వచ్చారు. "డాక్టర్ గారు అన్నీ వరసగా చూసుకున్నారండి, టైముతో సహా ఉంది ఇక్కడ. గోనెపట్టా కట్టడం వల్ల ఫ్రేము జారింది. కంపెనీవాళ్ళు ఇచ్చినదానికి మనం సొంతంగా ఏదేదో కడితే ఎలా యాదయ్య గారూ? ఇక మీరు రావద్దండి" అన్నారు. నోరు తెరవవలసింది నేను. తెరవలేదు. ఉద్యోగం పోతుందని భయం, చదివిన చదువు పోతుందని భయం. ముసలాయనకు పెన్షన్ ఉంది కదా అని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా. యాదయ్య సరేనని తల ఊపి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ నన్ను అడిగాడు. "గ్లౌజు ఏసుకుంటే ఫోను పని చేస్తదా డాక్టరమ్మా?"

"చేయదు" అన్నాను. ఆయన కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

టిక్కులు ముందే పెట్టానని ఆయనకు తెలిసిపోయింది. మరి యజమానికి ఎందుకు చెప్పలేదు? దీన్ని దాచి పెట్టుకుని తరవాత నాతో ఏం చేయించుకోవాలని? నా బుర్ర అలాగే పనిచేసింది. ఆ సాయంత్రమే ఆయన మళ్ళీ వచ్చాడు. జీతం లేదు, రమ్మన్నవాళ్ళు లేరు. గౌరి కింద ఎండుగడ్డి సర్ది, సాయిలు సాయంతో దాన్ని ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పి, వెనక కాళ్ళు పిసికి, నీళ్ళు తాగించి పోయాడు. మర్నాడూ వచ్చాడు, రోజుకు మూడుసార్లు. ఆ రాకను కూడా అనుమానించాను. నన్ను బెదిరించడానికే కళ్ళెదుట తిరుగుతున్నాడనుకున్నాను. కానీ ఆయన నా వైపు చూసేవాడే కాదు. ఆవును తిప్పేటప్పుడు మాత్రం "జర గా కాలు పట్టు" అనేవాడు, నేను పట్టేదాన్ని. నాలుగో రోజు అలా పట్టుకున్నప్పుడు గౌరి మెడ తిప్పి నా మోచెయ్యి నాకింది. దానికి నా మీద ఏ అనుమానమూ లేదు. అది భరించలేకపోయాను. ఏడుపు ఆగలేదు.

శనివారం శ్రీకాంత్ గారు వచ్చారు. గౌరి పక్కనే, యాదయ్య ముందే, అంతా చెప్పేశాను. టిక్కులు ముందే పెట్టాననీ, మెడను నుదురనుకున్నాననీ, ఆవు పడిపోయాక కూడా ఇంకొక్కసారి అన్నది నేనేననీ, గోనెపట్టా వల్ల ఏమీ జరగలేదనీ చెప్పాను. శ్రీకాంత్ గారు ఫోను తీసి జాబితాలోని సమయాలు మళ్ళీ చూశారు. కోప్పడతారనుకున్నాను. "మీకు ముందే తెలుసా యాదయ్య గారూ? మరి నాకు ఎందుకు చెప్పలేదండి?" అని మాత్రం అడిగారు.

"నేను చెప్తే డాక్టరమ్మ కాదంటది సారూ. ఒక్కసారి కాదన్నంక గదే నిజమని తనే నమ్ముతది. ఇగ జిందగీల చెయ్యి సరిగ పెట్టదు. గందుకే ఊకున్న" అన్నాడు యాదయ్య. తరవాత నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవనుకున్న బిడ్డా. గక్కడ నా అనుమానం తప్పయింది." అప్పటిదాకా నన్ను బిడ్డా అని ఎప్పుడూ పిలవలేదు.

నా ఉద్యోగం పోలేదు. ఎందుకు పోలేదో శ్రీకాంత్ గారిని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. యాదయ్య సోమవారం నుంచి మళ్ళీ పనిలోకి వచ్చాడు. ఇంకో అయిదు రోజులకు గౌరి లేచి నిలబడింది గానీ ఎడమ వెనకకాలు ఈడ్చుకుంటూనే బతికింది. అది నిలబడ్డ రోజు, గొలుసులు మరిగే నీళ్ళలో వేస్తున్న యాదయ్య దగ్గరికి వెళ్ళి "ఇంకెప్పుడూ ఇలాంటి తప్పు చేయను" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆయన మొహం చిట్లించాడు. "గట్ల అనకు. మల్ల చేస్తనేమో అను."

నాకు కష్టంగా అనిపించింది. ఇంతా చెప్పుకున్నాక కూడా నమ్మడా ఈయన అనుకున్నాను. "మళ్ళీ ఎందుకు చేస్తాను?" అన్నాను.

"చెయ్యనన్నోళ్ళు చూసుడు బంద్ చేస్తరు. అను."

"మళ్ళీ చేస్తానేమో" అన్నాను. ఆయన తల ఊపి, ఒక గొలుసూ కొంచెం దూదీ నా చేతిలో పెట్టాడు.

యాదయ్య పోయి మూడేళ్ళవుతోంది. చివరి రోజుల్లో చూడడానికి వెళితే, దవాఖానవాళ్ళు ఇచ్చిన మాత్రల అట్టను వెనక్కి తిప్పి అక్షరం అక్షరం చదివించుకున్నాడు నాతో. మాది నెత్తుటి సంబంధం కాదు. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను ఆయన్ని పూర్తిగా నమ్మిన రోజులు కూడా తక్కువే. అయినా ఆయన లేడంటే ఇప్పటికీ ఒంటరిగా అనిపిస్తుంది, ముఖ్యంగా చెయ్యి లోపల ఉండి ఏదో గుండ్రంగా తగిలినప్పుడు.

ఇప్పుడు నాకు సొంత ప్రాక్టీసు ఉంది. మియాపూర్ నుంచి శంకర్‌పల్లి దాకా ఎవరి ఆవు ఈనలేకపోయినా ఫోను వస్తుంది. వెళ్ళిన ప్రతిచోటా, నేను గ్లౌజు తొడుగుతుండగా, ఆవు తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఒకే మాట అడుగుతారు. "ఏం కాదు గదా డాక్టరమ్మా?" ఏం కాదు అనేస్తే వాళ్ళ ప్రాణం కుదుటపడుతుంది, నాకూ హాయిగా ఉంటుంది. నేను అనను. "అవుతుందేమో. నా చెయ్యి కూడా తప్పు చెప్పొచ్చు. ఇంకోసారి చూడనివ్వండి" అంటాను. కొందరికి కోపం వస్తుంది. ఇద్దరు ముగ్గురు డాక్టర్ని మార్చేశారు కూడా. మిగిలినవాళ్ళు ఆవు తల పట్టుకుని ఓపికగా కూర్చుంటారు. నేను కళ్ళు మూసుకుని మళ్ళీ చూస్తాను.